రాజుగారి వంశపు పెరుగు

ఒకానొక రాజ్యమే అనుకోండి, పేరు మల్లెలకోట. ఏ ఏటి ఒడ్డున ఉండేదని మాత్రం నన్ను అడక్కండి. ఏరు ఉండేది, ఒడ్డూ ఉండేది, ఆ ఒడ్డున ఒక రాజుగారు ఉండేవారు. ఆయన పేరు గజభూపాలుడు. పేరుకు తగ్గ బొజ్జ, బొజ్జకు తగ్గ బిరుదులు. వందిమాగధుడు ఆ బిరుదులన్నీ చదివి ముగించేసరికి సభలో సగంమంది ఒక కునుకు తీసి లేచేవాళ్ళు.

అన్ని బిరుదుల్లోకీ రాజుగారికి ప్రాణమైనది దధిసార్వభౌముడు. అంటే పెరుగుకు చక్రవర్తి అన్నమాట. నవ్వకండి, ఆయన ముందు ఎవరూ నవ్వలేదు. ఏడు తరాల కిందట ఎవరో మహర్షి వాళ్ళ మూలపురుషుడికి ఒక ముంత పెరుగు ప్రసాదించాడట. ఆ పెరుగే తరతరాలుగా కోట వంటశాలలో వెండి కుండలో నిలిచి ఉందట. దాన్ని వంశపు పెరుగు అనేవారు. కోటకు ఎవరొచ్చినా రాజుగారు ఈ కథ చెప్పించి, ఒక గరిటెడు వడ్డించి, "ఎలా ఉంది?" అని కళ్ళు మూసుకునేవారు. బాగుంది అనడం తప్ప ఇంకో జవాబు చెప్పినవాడు మల్లెలకోటలో లేడు.

ఆ పెరుగును రాజుగారికంటే ముందు తినేవాడు ఒకడుండేవాడు. అతనే మన తిప్పన. కోటలో రుచి చూసే ఉద్యోగం అతనిది. రాజుగారి కంచంలోకి వచ్చే ప్రతి పదార్థం ముందుగా తిప్పన ఒక ముద్ద తినాలి. తిని ఎదురుగా కూర్చోవాలి. ఒక ఘడియసేపు రాజుగారు అతణ్ణే చూస్తూ ఉంటారు. అతను చావలేదని రూఢి అయ్యాక భోజనానికి ఉపక్రమిస్తారు. అందుచేత రోజూ వేడి అన్నం తినే భాగ్యం తిప్పనది, చల్లారిన అన్నం మహారాజుది. ఇది ఇన్నేళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

తిప్పన మాటకారి. అందుకని సభలో కూడా ఒక మూల చోటిచ్చారు. రాజుగారికి విసుగొచ్చినప్పుడు ఒక ముక్క చమత్కారంగా అనడం, ఆయన నవ్వితే ఒక తాంబూలం పుచ్చుకోవడం, ఇంటికి పోయి పడుకోవడం. అలా కడుపులో చల్ల కదలకుండా బతుకుతున్నాడు.

ఇలా ఉండగా కనకగిరి నుంచి ఒక రాయబారి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎడమ కనుబొమ్మ ఎప్పుడూ పైకి లేచే ఉండే మనిషి. ఆ కనుబొమ్మను ఎలాగైనా కిందికి దించాలని రాజుగారికి పట్టుదల పుట్టింది. ఖజానా చూపించారు, దిగలేదు. గుర్రపుశాల చూపించారు, దిగలేదు. చివరికి ఏనుగు మీద తన పక్కనే కూర్చోబెట్టుకుని ఊరేగింపుగా బయల్దేరారు. దారిలో తాంబూలం రుచి చూడాలి కనుక తిప్పన వెనకాలే నడిచాడు.

కోటగోడకు ఆనుకుని కుమ్మరివీధి. ఏనుగు మీది నుంచి చూస్తే ఆ వీధి పెరళ్ళన్నీ కనిపిస్తాయి. అది మధ్యాహ్నం భోజనాల వేళ. ఒక గోడ మీదుగా ఒక చెయ్యి పైకి లేచింది, చేతిలో గిన్నె. అవతలి నుంచి ఇంకో చెయ్యి లేచి అందుకుంది. పక్కగోడ మీద మరో చెయ్యి, మరో గిన్నె. కాస్త అవతల పప్పు వెళ్తోంది, పచ్చడి వస్తోంది. వీధి పొడుగునా చేతులే, గిన్నెలే.

"ఏమిటది ప్రభూ?" అన్నాడు రాయబారి.

"ఏముంది, ఇచ్చిపుచ్చుకుంటున్నారు" అన్నారు రాజుగారు.

"అలాగా. మా దేశంలో అడుక్కునేవాళ్ళు ఊరి చివర ఒకరో ఇద్దరో కనిపిస్తారు. తమ దేశంలో ఇంటింటా ఉన్నట్టున్నారే" అన్నాడు రాయబారి. కనుబొమ్మ ఇంకాస్త పైకి పోయింది.

రాజుగారికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే చాటింపు వేయించారు. ఇకనుంచి మల్లెలకోటలో ఎవరి పొయ్యి వారిది, ఎవరి గిన్నె వారిది. పక్కింటి నుంచి గిన్నెలో ఏ తిండి వస్తువు పుచ్చుకున్నా అది యాచన కిందే లెక్క. ఇచ్చినవాళ్ళూ, పుచ్చుకున్నవాళ్ళూ గిన్నె నెత్తిన బోర్లించుకుని బజారు మధ్యలో ఒక జాము సేపు నిలబడాలి.

శాసనం సభలో చదివి వినిపించినప్పుడు రాజుగారు కళ్ళు మూసుకుని, "ఎలా ఉందిరా తిప్పా?" అన్నారు.

తిప్పన నాలిక చివర మంచి మాటే ఒకటి ఉంది. కానీ రాజుగారి మొహం చూసి దాన్ని మింగేశాడు. పెరుగు విషయంలో చెప్పీ చెప్పీ అలవాటైన మాటే నోటికొచ్చింది. "బాగుంది ప్రభూ" అన్నాడు.

తిప్పన ఇల్లు కూడా కుమ్మరివీధిలోనే. ఒకవైపు కోటగోడ, రెండోవైపు సూరమ్మ ఇల్లు. కోటగోడ అలాగే సాగి సూరమ్మ పెరటి వెనక్కీ పోతుంది. సూరమ్మది చిన్న వయసు. నాలుగు రోజుల కిందటే ఆడపిల్లను కన్నది. మొగుడు కుండలు పడవకెక్కించుకుని ఏటి దిగువకు అమ్మకానికి పోయాడు, పున్నమి దాటితే గానీ రాడు. తల్లి లేదు, అత్త లేదు. అయినా ఇన్నాళ్ళూ ఏ లోటూ లేదు. ఎందుకంటే ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉంది. బాలింత ఇంట్లో పదకొండు రోజులు పొయ్యి రాజెయ్యకూడదు. రోజుకొక ఇంటి వంతు. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, కాచిన నెయ్యి, మెంతిపొడి వేసిన పొట్లకాయ కూర గోడ దాటి రావాల్సిందే. ఇది ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలియదు.

చాటింపు పడిన మర్నాడు వంతు తిప్పన భార్య అక్కమ్మది. "బాలింత తిండితో రాజుగారికేం పని" అనుకుని ఆవిడ గిన్నె పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళింది. అప్పటికే గోడ గోడకూ ఒక తలారి ఎక్కి కాకిలా కూర్చుని ఉన్నాడు. పట్టుకున్నారు. అన్నం కుక్కలకు పోశారు. గిన్నె నెత్తిన బోర్లించి బజారులో నిలబెట్టారు. అది చూశాక ఇంక ఆ వీధిలో ఒక్క చెయ్యి కూడా పైకి లేవలేదు.

పొద్దుగూకే వేళకు తిప్పన ఇంటికొచ్చాడు. అక్కమ్మ గడప మీద కూర్చుని ఉంది. జుట్టంతా వెల్లుల్లి వాసన.

"అన్నం పెట్టు" అన్నాడు తిప్పన.

"ఎవరి పొయ్యి వారిది. కట్టెలు ఆ మూలనున్నాయి" అంది అక్కమ్మ.

"అది కాదే, శాసనం రాజుగారిది. నేనేం చేస్తాను? రుచి చూసేవాణ్ణే గదా."

"నేనూ అదే అడుగుతున్నానయ్యా. రోజూ ఆయన కూరలో విషముందేమోనని నాలిక మీద వేసుకు చూస్తావు. ఆయన నోట్లోంచి ఊడిపడ్డదాన్ని ఒక్కనాడైనా రుచి చూశావా? పైగా 'బాగుంది ప్రభూ' అన్నావట. బజారులో నిలబడ్డంతసేపూ అదే విన్నాను."

తిప్పన కట్టెల మూలవైపు తిరిగాడు.

"ఆ పిల్ల ఇవాళ లేచి పొయ్యి ఊదబోయి కళ్ళు తిరిగి పడింది" అంది అక్కమ్మ. "గుక్కెడు గంజి కాచుకుని తాగింది. గంజికి పాలు పడతాయా? పసిగుడ్డు రొమ్ము పట్టి లాగుతుంటే చుక్క రావట్లేదు. నువ్వేమో కోటలో నెయ్యి తాగి వచ్చావు."

తిప్పన పెరట్లోకి పోయి గోడ మీదుగా తొంగిచూశాడు. సూరమ్మ గోడకు ఆనుకుని ఒళ్ళో పిల్లను పెట్టుకుని కూర్చుంది. మొహంలో నెత్తురు లేదు. పిల్ల ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతోంది.

సూరమ్మ తలెత్తి చూసింది. "అత్తని ఏమీ అనకు మామా. నా మూలంగా ఆవిడ నెత్తిన గిన్నె పడింది" అంది.

తిట్టినా తిప్పన తట్టుకునేవాడు. ఈ మాట మాత్రం గుండెలో గుచ్చుకుంది. లోపలికొచ్చి ఆరిన పొయ్యి ముందు కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి అతనికి తన ఉద్యోగం మీద అసహ్యం వేసింది.

కాసేపటికి, "అక్కమ్మా, మనింట్లో తోడు అయిపోతే ఎక్కడ తెస్తావు?" అని అడిగాడు.

"ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో. అదేం ప్రశ్న?" అంది ఆవిడ.

నిజమే, అది ప్రశ్నే కాదు. మల్లెలకోటలో పాలు అమ్ముతారు, వెన్న అమ్ముతారు, నెయ్యి అమ్ముతారు. పెరుగు మాత్రం అమ్మరు. పెరుగు అమ్మితే ఇంట్లో పాడి నిలవదని వాళ్ళ నమ్మకం. తోడు కావాలంటే పక్కింటికి పోయి ఒక చెంచాడు అడిగి తెచ్చుకోవలసిందే. ఎవరూ లేదనరు.

"అయితే విను. రేపటినుంచి కోట మనుషులు ఎవరొచ్చి తోడు అడిగినా దండం పెట్టి శాసనం గుర్తుచెయ్యమని ఇంటింటికీ చెప్పు. మాట చేరవేయడానికి గిన్నె అక్కర్లేదు కదా" అన్నాడు తిప్పన.

అక్కమ్మ అతని మొహంలోకి చూసింది. తర్వాత లేచి, కొంగు బిగించి, వీధిలోకి నడిచింది.

మర్నాడు మధ్యాహ్నం రాజుగారి భోజనం. తిప్పన అన్నీ ఒక్కొక్క ముద్ద రుచి చూసి, ఆఖరున వెండి కుండ దగ్గరికి వచ్చాడు. ఒక ముద్ద నోట్లో వేసుకుని కనుబొమలు ముడిచాడు.

"ఏమిట్రా?" అన్నారు రాజుగారు కంగారుగా.

"అనుమానంగా ఉంది ప్రభూ" అని ఇంకో ముద్ద వేసుకున్నాడు. తల అటూ ఇటూ ఊపాడు. మూడోది, నాలుగోది. "కొన్ని విషాలు పైన తేలవు ప్రభూ, అడుక్కి దిగుతాయి" అని చెప్పి కుండ ఒళ్ళోకి లాక్కున్నాడు. సగం అయింది. ముప్పాతిక అయింది. రాజుగారు గుటకలు మింగుతూ చూస్తున్నారు. ఆఖరికి తిప్పన చూపుడువేలితో కుండ అడుగు చుట్టూ గీకి, ఆ వేలు నాకి, పెద్దగా తేన్చాడు.

"లేదు ప్రభూ. అడుగున కూడా విషం లేదు. తమరు నిశ్చింతగా భోంచేయవచ్చు."

"ఏం భోంచేయమంటావురా, కుండ ఖాళీ అయితేనూ?"

"తమ ప్రాణం కంటే పెరుగు ఎక్కువా ప్రభూ?"

రాజుగారు ఆ పూట మజ్జిగ కూడా లేకుండా లేచారు. "సరే, రేపు రాయబారికి వీడ్కోలు విందు. వంశపు పెరుగు రెండు కుండలు సిద్ధం చెయ్యండి" అని వంటశాల పెద్ద పేరయ్యను ఆజ్ఞాపించారు. పేరయ్య వెండి కుండ వైపు చూశాడు. మర్నాటి తోడుకి తీసిపెట్టేది ఆ కుండలోంచే. ఆ కుండేమో అద్దంలా మెరుస్తోంది.

పేరయ్య పాపం చెయ్యగలిగినవన్నీ చేశాడు. ఒక కుండ పాలలో చింతపండు వేశాడు, విరిగిపోయాయి. ఇంకో కుండలో మిరపకాయ తొడిమలు వేశాడు, తోడుకున్నట్టే తోడుకుని పొద్దుటికి జిగురులా సాగింది. ఊళ్ళోకి మనుషుల్ని పంపాడు. ప్రతి ఇంటి ముందూ ఒకటే మాట. "అయ్యో, లేకేం బాబూ, కుండెడు ఉంది. కానీ శాసనం ఉంది కదా" అని దండం పెట్టి తలుపు వేసుకున్నారు.

మర్నాడు ఉదయం నిండు సభ. రాయబారి ఉన్నతాసనం మీద ఉన్నాడు. పేరయ్య ఆ సాగే పెరుగు తెచ్చాడు. తిప్పన ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాడు.

"విషం లేదు ప్రభూ. ఉండి ఉంటే కాస్త రుచిగా ఉండేది" అన్నాడు.

రాజుగారు గర్జించారు. "పేరయ్యా, ఏమిటిది?"

"పాలు బోలెడున్నాయి ప్రభూ, తోడు లేదు."

"తోడా? అదేమిటి?"

పెరుగుకు చక్రవర్తి కదా, ఆయనకు పెరుగు ఎలా అవుతుందో తెలియదు. వెండి కుండలో పాలు పోస్తే వంశ మహిమ వల్ల దానంతటదే గడ్డ కడుతుందని అనుకునేవారు. పేరయ్య ఒక చెంచాడు పాత పెరుగు వేస్తే గానీ కొత్తది కాదని వివరించాడు.

"ఓస్, ఇంతేనా? ఊళ్ళో ఎవరింటినుంచైనా తెప్పించండి" అన్నారు రాజుగారు.

తిప్పన లేచి నిలబడ్డాడు. "తప్పకుండా ప్రభూ. ఒక్క చిన్న సందేహం. ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ గిన్నె నెత్తిన పెట్టుకోవాలి గదా. ఇచ్చినవాళ్ళ సంగతి తలారులు చూసుకుంటారు. పుచ్చుకునేది తమరు. తమ కిరీటం మీద పట్టే గిన్నె ఎంత పెద్దది చేయించమంటారు?"

"నోర్ముయ్. నా శాసనం నాకు వర్తించదు."

"అదే మేలు ప్రభూ. అయితే ఆ మాట కూడా చాటింపు వేయిస్తాను. పక్కింటి గిన్నె పుచ్చుకోవడం యాచన అని తమరే సెలవిచ్చారు. ప్రజలెవరూ చెయ్యకూడదు, తమరు చెయ్యవచ్చు. అంటే మల్లెలకోటలో అడుక్కునే హక్కు ఒక్క మహారాజుగారికే ఉందని డప్పు కొట్టిస్తాను."

రాయబారి దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రాజుగారు సింహాసనం మీద ముందుకు వంగారు. ఎర్రబడిన మొహంతో, "మాకు అడుక్కునే ఖర్మ ఏమిటి? వంశపు పెరుగు ఏడు తరాలుగా కోట గడప దాటలేదు. ఏమంటావు పేరయ్యా?" అన్నారు.

పేరయ్య నేల చూపులు చూశాడు. "దాటలేదు ప్రభూ. కానీ పోయిన నెల పిల్లి కుండ దొర్లించింది. అప్పుడు కుమ్మరివీధి సూరమ్మ దగ్గర తోడు తెచ్చాను."

"కుమ్మరి ఇంటి పెరుగా నేను తింటున్నది?"

"ఆగండి ప్రభూ" అన్నాడు తిప్పన. "సూరమ్మకు మాత్రం ఎక్కడిది? కూపీ లాగుదాం. మహర్షిగారి పెరుగు ఎక్కడో ఒకచోట తేలకపోదు."

రాయబారి ముందు పరువు నిలబెట్టుకోవాలంటే ఇదే దారి అనిపించింది రాజుగారికి. కబురు పంపారు. సూరమ్మ బాలింత, రాలేదు. ఆమె తరఫున అక్కమ్మ వచ్చింది.

"సూరి కాపరానికొచ్చిన కొత్తల్లో సాలెవీధి బుచ్చమ్మ ఇచ్చింది" అంది అక్కమ్మ.

బుచ్చమ్మను పిలిచారు. "నాకు రేవులో బట్టలుతికే ఎల్లమ్మ ఇచ్చింది" అంది ఆమె.

ఎల్లమ్మ వచ్చి, "నాదేముంది బాబూ, గుడి పంతులమ్మగారు పోసింది. రోజూ మూట ఇవ్వడానికి పోతాను గదా, అప్పుడు" అంది.

రాజుగారి మొహం విప్పారింది. పెరుగు గుడి దాకా వచ్చింది, ఇంకో అడుగు వేస్తే మహర్షే. పంతులమ్మగారు మాత్రం స్తంభం చాటు నుంచి ఎంతకీ రాదు. చివరికి వచ్చి, పక్కనున్న భర్త వైపు ఓరగా చూసి, "మీరు చెవులు మూసుకోండి" అంది. ఆయన మూసుకున్నాడు. "దూది ఏకే మస్తానమ్మ దగ్గర తెచ్చుకున్నాను. వాళ్ళ పెరుగు పులవదు, గడ్డ పెరుగు. ఇరవై ఏళ్ళుగా మా దేవుడికి నైవేద్యం అదే. ఆయనేమీ అనలేదు."

పంతులుగారు చెవులు సరిగా మూసుకోలేదని ఆయన మొహమే చెప్పింది. ఆయన కూడా ఇరవై ఏళ్ళుగా ప్రసాదం లొట్టలు వేసుకుంటూ తిన్నవాడే.

మస్తానమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఎనభై దాటిన మనిషి. సింహాసనం వైపు కళ్ళు చిట్లించి చూసి, "ఎవరూ, పెద్దమ్మగారి మనవడా? బాగా ఒళ్ళు చేశావే నాయనా" అంది.

"నీకు తోడు ఎవరిచ్చారు అవ్వా?" అన్నాడు తిప్పన.

"మీ నాయనమ్మే" అంది ఆవిడ రాజుగారితోనే. "మా అత్తకు పెరుగు లేందే ముద్ద దిగేది కాదు. ఒకనాడు ఇంట్లో లేక గోడ దగ్గర నిలబడ్డాను. కోట లోపలినుంచి మీ నాయనమ్మ గిన్నె అందించింది. మా ఇంటి గోంగూర పచ్చడంటే ఆవిడకి ప్రాణం. ఎన్నిసార్లు అడిగి తినేదో. మేం మొహాలు చూసుకున్నది తక్కువ, చేతులు గుర్తుపట్టేవాళ్ళం."

"మరి మా నాయనమ్మకు ఎక్కడిది?" అన్నారు రాజుగారు ఆత్రంగా.

"ఏమో బాబూ. తోడు ఇచ్చేవాళ్ళని ఎక్కడిదని అడుగుతారా ఎవరైనా?"

రాజుగారు సింహాసనం మీంచి లేచి నిలబడ్డారు. "విన్నారా? కోటదే. మా వంశపు పెరుగే ఊరంతా తిరిగి మళ్ళీ మా కుండలోకి వచ్చింది."

"మహర్షిగారి మాట దక్కింది ప్రభూ" అన్నాడు తిప్పన చేతులు జోడించి. "ఇంక ఒక్క పని మిగిలింది." అంటూ ఒక పెద్ద కంచుగిన్నె చేత్తో పట్టుకుని, సభామంటపం చివరనున్న రాజుగారి నాయనమ్మ, పెద్దమ్మగారి రాతిబొమ్మ దగ్గరికి నడిచాడు. రాజుగారు రోజూ దండం పెట్టే బొమ్మ అది. "గిన్నె ఇచ్చారు, పచ్చడి పుచ్చుకున్నారు. రెండు నేరాలు. వారు కాలం చేశారు కనుక బొమ్మ నెత్తిన బోర్లిస్తాను. ఒక జాము సేపు చాలునా ప్రభూ, రెండు జాములా?"

తిప్పన చేతులు గిన్నెతో సహా గాలిలోనే ఉన్నాయి. ఈ మాటకు తల పోవచ్చని అతనికి తెలుసు. అయినా పక్కింటి పసిపిల్ల మూలుగు చెవిలో నుంచి పోవడం లేదు. "సెలవివ్వండి ప్రభూ" అన్నాడు, ఈసారి చమత్కారం ఏమీ లేకుండా. "కోటగోడకు అవతల ఒక బాలింతకు మూడు రోజులుగా తిండి లేదు. పాలు ఎండిపోయాయి. పెద్దమ్మగారే ఉంటే ఈపాటికి ఆ గోడ మీద ఒక చెయ్యి లేచేది. నన్ను మొన్న శాసనం ఎలా ఉందని అడిగారు. నేను అబద్ధం చెప్పాను. అది బాగాలేదు."

రాజుగారు బొమ్మ వైపు చూశారు. తిప్పన వైపు చూశారు. నోరు తెరిచారు. సరిగ్గా అప్పుడు, నిన్న మధ్యాహ్నం నుంచి పెరుగు పడని రాజుగారి కడుపు సభ నాలుగు మూలలా వినిపించేలా గుర్రుమంది.

మొదట మస్తానమ్మ నవ్వింది. తర్వాత రాయబారి. నవ్వుతుంటే అతని కనుబొమ్మ దానంతటదే కిందికి దిగింది. "మా ఊళ్ళో గోడలు ఎత్తుగా కట్టుకున్నాం ప్రభూ. మా పక్కింట్లో ఎవరుంటారో నాకు ఈనాటికీ తెలియదు" అన్నాడు. ఇక రాజుగారు కూడా ఆపుకోలేకపోయారు. బొజ్జ పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

శాసనం అక్కడికక్కడే కొట్టేశారు. తలారులను గోడలు దిగమన్నారు. మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేసి, "ఇంకేమైనా కోరుకోరా" అన్నారు.

"హారం వద్దనను ప్రభూ. దాంతో పాటు ఇవాళ సూరమ్మ ఇంటి వంతు కోట తీసుకోవాలి."

"అంతేగదా? ఇరవై బిందెలు, యాభైమంది మోతగాళ్ళు..."

"వద్దు మహారాజా" అంది అక్కమ్మ. "బాలింత ఎంత తింటుంది? ఒక్క గిన్నె చాలు. మోతగాళ్ళతో పంపితే వంతు కింద రాదు. ఎవరి వంతైతే ఆ ఇంటివాళ్ళే తేవాలి."

మధ్యాహ్నానికి కోట పెరట్లో వింత దృశ్యం. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. అక్కమ్మ దగ్గరుండి చెప్పింది, పేరయ్య వండాడు. అలవాటుకొద్దీ తిప్పన గిన్నెలో చెయ్యి పెట్టబోతే రాజుగారు ఆ చెయ్యి తోసేసి, "చల్లారిపోతుందిరా" అన్నారు. బోర్లించిన రోలు మీదికి రాజుగారిని ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. మహారాజు మునివేళ్ళ మీద లేచి గోడ మీదుగా గిన్నె పైకెత్తారు. అవతలినుంచి ఒక సన్నని చెయ్యి లేచి అందుకుంది.

గోడ అవతల సూరమ్మ తింటున్న చప్పుడు వినిపిస్తోంది. మధ్య మధ్య పిల్ల మూలుగు. చాలాసేపటికి ఖాళీ గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"ఉప్పు కాస్త తగ్గింది గానీ, ప్రాణం లేచొచ్చింది" అంది సూరమ్మ గొంతు. "ఇవాళ వంతు ఎవరింటిదమ్మా?"

వందిమాగధుడు గొంతు సవరించుకుని బిరుదులు అందుకోబోయాడు. రోలు మీంచే రాజుగారు వాడి నోరు అరచేత్తో మూసేశారు.

"పక్కింటిది తల్లీ" అన్నారు. "రాత్రికి మళ్ళీ తెస్తాం, ఉప్పు సరిచూసి."

మూడోనాటికి సూరమ్మకు పాలు పడ్డాయి.